ఎవరి కర్మ?

బళ్లారి కౌల్‌బజారులో మా ఇంటికొచ్చే పెద్దముత్తయిదువలు నా కళ్ల గురించి ఒకటే మాట అనేవాళ్లు: "పోయిన జన్మలో ఏం చేసుకుందో, పాపం." తిట్టు కాదది, జాలే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఈ మాట రెండు భాషల్లోనూ విన్నాను. నాకు రేచీకటితో మొదలై, పక్కచూపు తరిగిపోయి, ముప్పయ్యో ఏటికి వెలుతురుందో లేదో తెలియడం ఒక్కటే మిగిలింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నాడు డాక్టరు. అమ్మది ఆదోని. నాన్న ఆమెకు స్వయానా మేనమామ. తల్లిలోనూ తండ్రిలోనూ బయటపడకుండా ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిస్తే ఈ జబ్బు రావచ్చని, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువని ఆయన విడమరిచి చెప్పాడు. అప్పటినుంచి పూర్వజన్మ తవ్వుకోవడం మానేశాను.

అయినా ప్రశ్న వదల్లేదు, దేవుణ్ణి నమ్మేదాన్ని కనుక. లోకంలో ఇన్ని హెచ్చుతగ్గులుంటే ఈశ్వరుడు పక్షపాతి కాడా, దయలేనివాడు కాడా అని బ్రహ్మసూత్రాలే అడిగాయి. ప్రాణుల కర్మను బట్టే ఫలమిస్తాడు గనుక ఆ దోషం ఆయనకు అంటదని శంకరుల భాష్యం. ఈ జవాబు దేవుణ్ణి కాపాడుతుంది, సరే. పక్కన నిలబడి చూస్తున్న మనిషిని కూడా కాపాడేస్తుంది. నా అభ్యంతరమల్లా అక్కడే.

బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసే రోజుల్లో ఎన్‌వీడీఏ నేర్చుకున్నాను. తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే మరో చూపులేనివాడు తోడయ్యాడు. డబ్బు కట్టక్కర్లేదు. పేపరు చదవడం, ఉత్తరం రాయడం, పాసుబుక్కు లెక్క చూసుకోవడం అన్నీ మళ్లీ నా చేతికొచ్చాయి.

తర్వాత ఒక పెద్ద దేవస్థానం వెబ్‌సైటులో దర్శనం టికెట్టుకి కూర్చున్నాను. ట్యాబ్ కీ నొక్కితే "బటన్" అంది. మళ్లీ నొక్కితే "బటన్". దేనికి బటనో చెప్పదు, ఎందుకంటే దానికి పేరు పెట్టినవాళ్లు లేరు. తేదీలు చదివింది: పదమూడు, పద్నాలుగు, పదిహేను. ఏ రోజు ఖాళీ ఉందో చెప్పలేదు. ఖాళీ ఉన్నవి పచ్చగా, నిండినవి ఎర్రగా ఉన్నాయని మా తమ్ముడి కూతురు చెప్పింది. రంగుతో పాటు "ఖాళీ ఉంది" అని రెండు మాటలు రాస్తే సరిపోయేది. చివర్న వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చెయ్యమంది. ఈలోగా గడువు దాటిపోయి పేజీ మొదటికొచ్చింది.

మా సరిహద్దులో ఇంకో చిక్కు. ఒకే పేజీలో కన్నడం, తెలుగు కలిసి ఉంటాయి. ఏ ముక్క ఏ భాషో పేజీ లోపల గుర్తు పెట్టకపోతే కన్నడ గొంతు తెలుగు అక్షరాలను చాలాసార్లు మింగేస్తుంది. ఇక పాత డీటీపీ ఫాంట్లలో పెట్టిన స్తోత్రాలూ వ్రతకథలూ చదివిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తాయి. దేవుడి పుస్తకం నా ముందే ఉంటుంది, నాకు అందదు.

ఆ బటన్‌కు పేరు పెట్టడం అరనిమిషం పని. పెట్టనివాళ్లకు జీతముంది, పైన అధికారి ఉన్నాడు, పని అప్పగించిన తేదీ ఉంది. ఇక్కడ కర్త ఎవరో తెలుసు. నేను అనుభవిస్తున్నది నా పోయిన జన్మ కర్మ కాదు, పోయిన నెలలో ఇంకొకరు చేసి వదిలిన కర్మ.

భారతం చూడండి. వ్యాసుడి రూపానికి జడిసి అంబిక కళ్లు మూసుకుంది. కొడుకు ధృతరాష్ట్రుడు చూపులేకుండా పుట్టాడు. పెద్దవాడై ఉండీ ఆ కారణంగానే మొదట రాజ్యం దక్కలేదు. కళ్లు మూసుకున్నది ఒకరు, అనుభవించింది ఇంకొకరు. పురాణం చెప్పేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగితే బాగుండును.

మాకు పడమరన గదగ్‌లో వీరేశ్వర పుణ్యాశ్రమం ఉంది. పుట్టుగుడ్డి అయిన పంచాక్షరి గవాయి చూపులేని పిల్లలను చేరదీసి సంగీతం నేర్పారు. 1944లో ఆయన పోయాక, పసితనంలోనే చూపు పోయిన శిష్యుడు పుట్టరాజ గవాయి ఆ భారం ఎత్తుకుని 2010లో కన్నుమూసేదాకా మోశారు. పిల్లవాడి చేతికి తంబురా ఇవ్వడానికి వాడి పూర్వజన్మ చరిత్ర అక్కర్లేదు. కర్మ అన్నమాటకు నేను ఒప్పుకునే అర్థం ఇదే: ఇప్పుడు, ఈ చేతులతో చేసేది.

చట్టం కూడా ఇటే వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వెబ్ ఆధారిత సేవల మాట ఉంది. బ్యాంకు కేవైసీలో కెమెరా ముందు రెప్ప వెయ్యమనే పద్ధతి మీద చూపులేనివాళ్లూ యాసిడ్ దాడి బాధితులూ కోర్టుకెక్కితే, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది.

గుడికో బ్యాంకుకో ఆఫీసుకో వెబ్‌సైటు కట్టేవాళ్లను ఒకటే కోరుతున్నాను. పని అయిందనుకున్న రోజున ఎన్‌వీడీఏ పెట్టుకుని, మానిటరు ఆపేసి, మౌసు పక్కన పెట్టి, మీ ఫారం మీరే మొదటినుంచి చివరిదాకా నింపి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ దిద్దండి.