కాలి వేలికి కట్టిన తాడు



హైదరాబాద్ పాతబస్తీలో, మొఘల్‌పురా, యాకుత్‌పురా గల్లీల్లో, ఒక్క గదిలోనే సంసారమంతా నడిచే ఇళ్లు ఎన్నో. దూలానికి పాత చీరో దుపట్టానో ఉయ్యాలై వేలాడుతుంది. బట్ట మూసుకుపోకుండా మధ్యలో అడ్డంగా ఓ కర్ర. ఉయ్యాలకు కట్టిన తాడు తల్లి కాలి బొటనవేలికి. చేతులు కార్చోబ్ అనే చట్రం మీద జర్దోజీ కుడుతుంటే, కాలు బిడ్డను ఊపుతుంటుంది. కుక్కర్ కూసినా, గల్లీలో ఆటో హారన్ మోగినా ఆ బిడ్డ కదలడు. నిశ్శబ్దంగా ఉంటేనే ఉలిక్కిపడతాడేమో!

ఇక పాట. తెలుగిళ్లలో అన్నమయ్య జోల, ఇక్కడ దక్కనీ లోరీ. 17వ శతాబ్దంలో బీజాపూర్ సూఫీ సంప్రదాయంలో తిరగలి దగ్గర పాడుకోవడానికి చక్కీనామాలు, రాట్నం దగ్గర చర్ఖానామాలు, ఉయ్యాల దగ్గర లోరీనామాలు పుట్టాయి. పెద్ద పెద్ద గ్రంథాలు చేరని చోటికి దైవచింతన ఆడవాళ్ల గొంతులో చేరింది. గడుసు ఆలోచనే.

బిడ్డను నిద్రపుచ్చడానికి అమెరికాలో డాక్టర్ రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకం మరో దారి చూపింది. బిడ్డ తనంతట తానే నిద్రపోవడం నేర్చుకోవాలి, ఏడిస్తే కాసేపు ఆగి వెళ్లి చూడాలి అన్నది. మన నానమ్మలు వింటే ఆ డాక్టరుకు శాపనార్థాలే! అయితే అక్కడి పిల్లల వైద్యులే ఇప్పుడు కనీసం 6 నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద, వెల్లకిలా పడుకోబెట్టమంటున్నారు. ఇది మనమూ వినాల్సిన మాట. చీర ఉయ్యాలలో పసికందు గడ్డం గుండెకు ఆనితే ఊపిరి సరిగా ఆడదు. ఊపండి, పాడండి. కన్ను మూతపడగానే చదునైన పక్క మీదికి మార్చండి.