ధర తగ్గినప్పుడు ధర్మం తగ్గుతుందా?

ఇల్లు మనిషి కనీసావసరాల్లో ఒకటి. మన ఇళ్ళను మనకు విశ్రాంతి స్థలాలుగా చేయడాన్ని దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహంగా పేర్కొన్నాడు. సొంత ఇంటి కోసం ఒక సామాన్య కుటుంబం పదిహేను ఇరవై ఏళ్ళు పైసా పైసా కూడబెడుతుంది. ధరలు పెరుగుతున్నంత కాలం ఆ పొదుపు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉండిపోతుంది. ఒక్కోసారి మార్కెట్ పడిపోతుంది. కొత్తగా కట్టిన ఫ్లాట్లు అమ్ముడుపోక ఖాళీగా మిగిలిపోతాయి. అప్పుడు ఆ కుటుంబంలో ఆశ చిగురిస్తుంది.

ఆ ఆశతో పాటే దైవభీతి గల మనసులో ఒక ప్రశ్న కూడా తలెత్తుతుంది. ‘ఎవరో నష్టపోవడం వల్లనే కదా నాకు ఇది చవకగా దొరుకుతోంది! మరొకరి కష్టం మీద నేను ఇల్లు ఏర్పరచుకోవడం సబబేనా?’ ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అలాగని దీనికి జంకి, అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దాన్ని మనకు మనమే నిషేధించుకోకూడదు.

మయామీలో జరిగింది

ఈ ప్రశ్న లోతు తెలియాలంటే అమెరికాలోని మయామీ నగరంలో జరిగినది చూడాలి. మనం ఫ్లాటు అని పిలిచే దాన్ని అక్కడ కాండో అంటారు. లోపలి గదులు కొన్నవారి సొంతం. మెట్లు, లిఫ్టులు, పైకప్పు, స్థలం అందరి ఉమ్మడి ఆస్తి. 2003 తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే మయామీ నడిబొడ్డున 20 వేలకు పైగా కొత్త కాండోలు లేచాయి. పునాదులు పడకముందే ఒప్పందాలు జరిగిపోయాయి. కొనేవారు సాధారణంగా ధరలో 20 శాతం బయానా కట్టారు. వారిలో చాలామందికి అక్కడ కాపురం ఉండే ఉద్దేశమే లేదు. భవనం పూర్తయ్యేలోగా మరొకరికి ఎక్కువ ధరకు అప్పగించి లాభం తీసుకుందామన్నదే వారి ఆలోచన. ఆదాయమెంతో సరిగా అడగకుండానే వడ్డీ అప్పులిచ్చే సంస్థలు వారికి దొరికాయి.

2006 చివరి నాటికి ధరలు శిఖరానికి చేరి, ఆ తర్వాత జారడం మొదలుపెట్టాయి. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీశాక అప్పు పుట్టడమే కష్టమైపోయింది. 2011 నాటికి మయామీలో ఇళ్ళ ధరలు దాదాపు సగానికి పడిపోయాయి. కట్టడాలేమో అప్పటికే పూర్తయ్యాయి. కొందరు బయానా వదులుకున్నారు. కొందరు ఒప్పందం రద్దు చేయమని కోర్టుకెక్కారు. కొందరు బిల్డర్లు భవనాలను బ్యాంకుల చేతికి అప్పగించారు. వాయిదాలు కట్టలేని కుటుంబాల ఇళ్ళు జప్తయ్యాయి. అదే సమయంలో నగదు ఉన్నవారు, ముఖ్యంగా లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చినవారు, వాటిని చవకగా కొన్నారు. కొన్నేళ్ళకే ధరలు మళ్ళీ పెరిగాయి.

ఇందులో పాపం ఎవరిది? చవకగా కొన్నవారందరూ తప్పు చేశారా?

ధర తగ్గడం పాపం కాదు

మదీనాలో ఒకసారి ధరలు బాగా పెరిగినప్పుడు, ధరలు నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన అందుకు ఒప్పుకోలేదు. హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలో ఉన్నాయని చెప్పారు. సరుకు ఎక్కువై, కొనేవారు తక్కువై ధర దానంతటదే దిగినప్పుడు ఆ ధరకు కొనడంలో ఎలాంటి సందేహానికీ తావు లేదు. పైగా మార్కెట్ పడినప్పుడు ఎవరూ కొనకపోతే నష్టపోయినవాడు మరింత నష్టపోతాడు. కనుక కొనడం తప్పు కాదు. ఎవరి దగ్గర, ఎలా కొంటున్నామన్నదే విచారించవలసిన విషయం.

అమ్మేవారు ఎవరు?

మాంద్యంలో ఒకే తరహా ఫ్లాటును ముగ్గురు అమ్ముతుండవచ్చు. మొదటివాడు బిల్డరు. లాభం కోసం కట్టాడు. లాభాన్ని ఆశించినవాడు నష్టానికీ సిద్ధపడాలన్నది వ్యాపార న్యాయం. అతనితో నిక్కచ్చిగా బేరమాడవచ్చు. రెండవది బ్యాంకు. జప్తు చేసిన ఇంటిని తన అప్పు రాబట్టుకోవడానికి అమ్ముతుంది. ఆ ఇంటిని పోగొట్టుకున్న కుటుంబం అప్పటికే వెళ్ళిపోయింది. మనం కొన్నంత మాత్రాన వారికి కొత్తగా అన్యాయం జరగదు. మూడవవాడు సాటి గృహస్థుడు. ఉద్యోగం పోయింది, లేదా ఇంట్లో జబ్బు చేసింది. నెలాఖరులోగా డబ్బు చేతికి రాకపోతే వీధిన పడే పరిస్థితి. మార్కెట్ పడిన ధర కంటే కూడా తక్కువకు ఇచ్చేస్తానంటాడు.

అసలు పరీక్ష ఈ మూడవవాడి ముందు మొదలవుతుంది. మార్కెట్ తగ్గించిన ధర వేరు, అతని నిస్సహాయత తగ్గించిన ధర వేరు. మొదటిది మనకు దొరికిన ఉపాధి. రెండవది మన చేతికి చిక్కిన ఒక మనిషి మెడ.

గత్యంతరం లేనివాడి అమ్మకాన్ని ధర్మశాస్త్రంలో ‘బైఉల్ ముజ్తర్’ అంటారు. దీన్ని దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ అలీ (రజి) ద్వారా వచ్చిన ఒక ఉల్లేఖనం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. దాని పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు చెప్పారు. అయినా దాని భావాన్ని వివరిస్తూ ఇమామ్ ఖత్తాబీ ఒక చక్కని విభజన చేశారు. బలవంతంగా చేయించిన అమ్మకం అసలు చెల్లదు. అప్పుల వల్ల, అవసరం వల్ల చేసే అమ్మకం చెల్లుతుంది. కాని ధర్మమూ మంచితనమూ కోరేదేమిటంటే, అలాంటివాడి ఆస్తిని కారుచవకగా లాక్కోకుండా అతనికి అప్పో, గడువో ఇచ్చి ఆదుకోవాలి. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి గడువు ఇవ్వాలని బఖరా సూరా కూడా ఆదేశిస్తోంది కదా!

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) చూపించారు. ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేశారు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి) దాని యజమానితో, నీ గుర్రం ఇంతకంటే ఎక్కువ విలువ చేస్తుందన్నారు. వందేసి చొప్పున తానే పెంచుకుంటూ పోయి చివరికి 800 దిర్హములకు కొన్నారు. ప్రతి ముస్లిం పట్ల శ్రేయోభిలాషిగా ఉంటానని తాను దైవప్రవక్త (స) చేతిలో ప్రమాణం చేశానని ఆయన చెప్పుకునేవారు. ఆ ప్రమాణం ఆయనకు మస్జిదులో మాత్రమే కాదు, సంతలో కూడా గుర్తుంది. ఆయన గుర్రాన్ని కొనకుండా వదిలిపెట్టలేదన్నది కూడా గమనించాలి. కొన్నారు, కాని అమ్మేవాడి తరఫున కూడా తానే ఆలోచించి కొన్నారు.

‘మేమేమీ సంపన్నులం కాము. ఎక్కువ ఇవ్వడానికి మా దగ్గర ఎక్కడుంది? మా పిల్లల సంగతేమిటి?’ అని కొందరు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. అల్లాహ్ న్యాయాన్నీ, ఉపకారాన్నీ రెండింటినీ ఆదేశించాడు. న్యాయం అందరి మీదా విధి. అబద్ధం చెప్పకూడదు. తెలియనివాడికి అసలు ధర దాచకూడదు. గడువు దగ్గర పడేదాకా కావాలని నాన్చి, చివరి రోజున ధర సగానికి దించకూడదు. ఉపకారం శక్తిని బట్టి ఉంటుంది. ఎక్కువ ధర ఇవ్వలేకపోతే డబ్బు త్వరగా ఇవ్వవచ్చు. ఖాళీ చేయడానికి రెండు నెలలు గడువివ్వవచ్చు. అతని పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగవచ్చు. వీటికి పెద్దగా ఖర్చు కాదు.

తీసుకునే తూకం, ఇచ్చే తూకం

మయామీలో మరో విషయం కూడా బయటపడింది. 2005లో సంతకం చేసినవారిలో చాలామంది ధర పడగానే ఒప్పంద పత్రాల్లో లొసుగులు వెతికారు. భూముల అమ్మకాలపై ఉన్న ఒక పాత సమాఖ్య చట్టాన్ని చూపి, బిల్డరు ఫలానా వివరం ఇవ్వలేదు కనుక ఒప్పందం చెల్లదని వాదించారు. నిజంగా మోసపోయినవారికి ఆ హక్కు ఉంది. మిగిలినవారు తమను తాము ఒక్క ప్రశ్న వేసుకోవాల్సింది. ధర రెట్టింపు అయి ఉంటే ఈ లొసుగు నాకు కనిపించేదా? తమకు రావలసింది నిండుగా కొలిచి తీసుకుని, ఇతరులకు ఇవ్వవలసింది తగ్గించేవారి గురించి ముతఫ్ఫిఫీన్ సూరాలో ఉన్న హెచ్చరిక తూకపురాళ్ళకే పరిమితం కాదు. ఒప్పందాలకూ అది వర్తిస్తుంది.

కట్టించి ఇచ్చే ఒప్పందాన్ని, అంటే ‘ఇస్తిస్నా’ను, షరీఅత్ అనుమతిస్తుంది. వస్తువు ఇంకా తయారు కాకపోయినా దాని వర్ణన, ధర స్పష్టంగా ఉంటే వాయిదాల్లో డబ్బు కట్టవచ్చు. కాని ఇంకా కట్టని ఇంటిని, చేతికి రాకముందే మరొకరికి లాభానికి అమ్మడం వేరే విషయం. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి)ను వారించారు. మయామీలో ఆకాశానికెత్తిన ధరల వెనుక ఇలాంటి చేతులు మారిన కాగితాలే ఎక్కువ. కాగితాలు చిరిగినప్పుడు దెబ్బ తిన్నవారిలో నిజంగా ఇల్లు కావలసినవారు కూడా ఉన్నారు.

వడ్డీ సంగతి కూడా ఇక్కడే ఆలోచించాలి. చవక ధర చూసి వడ్డీ అప్పుకు ఎగబడితే, రేపు మనమే ఆ మూడవ అమ్మకందారు స్థానంలో నిలబడవలసి రావచ్చు. 1999లో యూరప్ ఫత్వా మండలి అక్కడి ముస్లింలకు గత్యంతరం లేని స్థితిలో ఇంటి అప్పు విషయంలో సడలింపు ఇచ్చింది. చాలామంది ఉలమా దానితో విభేదించారు. ఆ సడలింపు ఇచ్చినవారు కూడా తన కుటుంబం నివసించడానికి, వేరే ఇల్లు లేనివాడికి మాత్రమే అని షరతు పెట్టారు. లాభానికి కొని అమ్ముకునేవాడికి అందులో చోటు లేదు.

కొన్నది గోడలు మాత్రమే కాదు

ఫ్లాటు కొన్నవాడు పొరుగువారిని కూడా ఎంచుకున్నట్లే. సగం ఖాళీగా ఉన్న భవనంలో లిఫ్టు, నీటి పంపు, వాచ్‌మెన్ జీతం భారమంతా మిగిలిన సగం మంది మీద పడుతుంది. అందుకే 2009లో అమెరికాలోని ఫ్యానీ మే అనే గృహరుణ సంస్థ, కొత్త కాండో భవనంలో 70 శాతం అమ్ముడై ఉంటేనే అప్పులను స్వీకరిస్తానని నియమం పెట్టింది. బ్యాంకులు దీన్ని తమ డబ్బు భద్రత కోసం చూస్తాయి. విశ్వాసి పొరుగువారి హక్కుగా చూడాలి. చవకగా కొని తాళం వేసి, ధర పెరిగేదాకా మెయింటెనెన్స్ కట్టకుండా కూర్చునేవాడు తన పొరుగువారి జేబులోంచి లాభం తీస్తున్నాడు.

ఉమ్మడి బాధ్యత ఎంత గంభీరమైనదో మయామీ పక్కనే ఉన్న సర్ఫ్‌సైడ్ చెబుతుంది. 1981లో కట్టిన 12 అంతస్తుల చాంప్లైన్ టవర్స్ సౌత్ భవనంలో కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లోనే ఒక ఇంజనీరు నివేదిక ఇచ్చారు. కోటిన్నర డాలర్ల మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలన్న వాదనలు సాగాయి. 2021 జూన్ 24 తెల్లవారుజామున భవనంలో కొంత భాగం కూలి 98 మంది మరణించారు. కొత్త భవనం కూడా ఒకనాటికి పాతబడుతుంది. అప్పుడు దాన్ని నిలబెట్టేవి పొరుగువారి మధ్య ఉన్న నమ్మకం, సకాలంలో కట్టిన డబ్బు.

మన ఊళ్ళలో

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఫ్లాటు వెతుక్కునే మన కుటుంబాలకు కూడా ఇవే కొలబద్దలు. చవక అనగానే పరుగెత్తకూడదు. 2016లో చేసి, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి తెచ్చిన రెరా చట్టం కొనేవాడికి కొన్ని రక్షణలు ఇచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లతో గాని కట్టే ప్రాజెక్టును నమోదు చేయకుండా అమ్మకూడదు. కొనేవారి నుంచి వసూలు చేసిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కట్టడంలో లోపాలు బయటపడితే అప్పగించిన నాటి నుంచి 5 సంవత్సరాల వరకు బిల్డరే బాగుచేయాలి. ‘ప్రీలాంచ్’ పేరుతో నమోదు లేకుండానే సగం ధరకు ఇస్తామనేవారి దగ్గర కొనడం చవక బేరం కాదు. పిల్లల భవిష్యత్తును పణంగా పెట్టడం. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) అంత తీవ్రంగా మందలించారు. అడుగున ఏముందో చేయి పెట్టి చూడాలన్న పాఠం అందులో కొనేవాడికి కూడా ఉంది.

ధర తగ్గినప్పుడు కొనండి. కుటుంబానికి నీడ కల్పించండి. కాని సంతకం చేసే ముందు మూడు విషయాలు పరిశీలించుకోండి. అమ్మేవాడి నిస్సహాయత మన లెక్కలో లాభంగా చేరిందా? మనం ఇచ్చిన మాట ధర పడినా నిలుస్తుందా? మనం చేరబోయే భవనంలోని వారికి మన వల్ల మేలు జరుగుతుందా, భారం పడుతుందా? సంపదను ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అని పరలోకంలో మనల్ని అడుగుతారు. ఇంటి విషయంలో ఈ రెండు ప్రశ్నలూ ఒకే సంతకంలో ఉన్నాయి. మార్కెట్ మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. ఆ ఇంట్లో మనం చేసే నమాజు, పిల్లలకు చెప్పే మంచి మాట ఎవరి కన్నీటి మీదా నిలబడి ఉండకూడదు. అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన ఇంటిని, అందులో మనశ్శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.