అందరి చోట ఒకరి వేడుక

విశాఖపట్నమున రామకృష్ణా బీచి ఇసుకపైనను, కైలాసగిరిపైనను సాయంవేళల కుటుంబములవారు పిల్లల పుట్టినరోజులు జరుపుకొనుచుందురు. క్రొత్త దంపతులు కడలి యెదుట నిలుతురు. దారిన పోవువాడొకడు సెల్‌ఫోను ఎత్తి వారి చిత్రమును తీయును. ఇది అందరి చోటు గదా, తప్పేమి యని అతని వాదము.

చోటు అందరిదే. కాని అచటి వేడుక ఆ యింటివారిది. చూపు క్షణములో మరలిపోవును. చిత్రము నిలిచి, ఎరుగనివారి చేతులకు పోవును. పెద్దలకు తెలియక పెండ్లాడిన జంట అందున్నచో, అది వారి ప్రాణముల మీదికి రావచ్చును.

2017లో పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. బహిరంగ స్థలమున నున్నంత మాత్రమున మనుజుడు దానిని కోల్పోడని వారిలో ప్రధాన న్యాయమూర్తితో సహా నలుగురు తీర్పున వ్రాసిరి.

అయినను ప్రతి ఫోను వెంట న్యాయస్థానము నడువజాలదు; మర్యాదయే నడువవలెను. అలలను, జనసమూహమును తీయుటలో దోషము లేదు. ఒక యింటివారినే ఎంచి తీయగోరువాడు ముందుగా అడుగవలెను, వలదన్నచో మానవలెను, అడుగకయే తీసియున్నచో వారికి చూపి, కోరినంతనే చెరిపివేయవలెను. పసిబిడ్డల విషయమున తల్లిదండ్రుల అనుమతి తప్పదు. చిత్రమేమియు తీయక, శుభము పలికి సాగిపోవుటయు ఆ వేడుకలో పాలుపంచుకొనుటయే.