ఫలము ఎవరి వలన?

పాటలు కూర్చు సాఫ్ట్‌వేరులో నాలుగు బార్ల ఖండము నొకదానిని లూపుగా నిలిపి, అది ముగిసిన వెంటనే మొదటికి మరలి ఎడతెగక మ్రోగుచుండగా, ఆ మ్రోత వినుచునే కీబోర్డుపై క్రొత్త స్వరములను వాయించి దానిమీద చేర్చుకొనుచు పోవుట నేటి సంగీతకారులకు నిత్యకృత్యము. మొదటి చుట్టులో వేసిన డ్రమ్ముల దెబ్బలు రెండవ చుట్టులో వినబడును. వానిని వినుచు వాయించిన మంద్రస్వరములు మూడవ చుట్టులో వానితో కలిసి వినబడును. ఇట్లు ప్రతి చుట్టును పూర్వపు చుట్టులన్నిటి భారమును వహించియే వచ్చుచుండును. యంత్రవ్యాపారమని త్రోసివేయదగినట్లు తోచు నీ పనిలో, కర్మకు ఫలము నిచ్చునది కర్మయేనా, వేరొకరా యని మీమాంసకులును వేదాంతులును చేసిన ప్రాచీన వివాదము నాకు ప్రత్యక్షముగా గోచరించుచున్నది.

ఇచ్చట నిలువ చేయబడునది నాదము కాదను విషయము మొదట గ్రహింపవలెను. 1983 జనవరిలో అమెరికాలోని అనహైమ్ నగరమున జరిగిన నామ్ అను వాద్యపరికరముల ప్రదర్శనలో, వేర్వేరు సంస్థలు నిర్మించిన ప్రాఫెట్-600, జూపిటర్-6 అను సింథసైజర్లను తీగతో కలిపి, ఒకదానిపై వాయించినది రెండవదానిలో పలుకునట్లు చేసి చూపిరి. ఆ ఏటనే ప్రకటితమైన మిడి ఒడంబడిక నేటికిని చెల్లుచున్నది. దాని ప్రకారము తీగవెంట పోవునది క్రియ మాత్రమే: 0 నుండి 127 వరకు గల అంకెలలో ఏ మెట్టు నొక్కబడినది, అట్టి అంకెలలోనే ఎంత వడిగా నొక్కబడినది, పిదప ఎప్పుడు విడువబడినది. పియానో నడిమి ‘సీ’ స్వరమునకు 60 అని సంఖ్య. ఆ సంఖ్యను పియానోకు అప్పగించిన పియానో పలుకును, వేణువునకు అప్పగించిన వేణువు పలుకును, ఏ వాద్యమునకును అప్పగింపకున్న ఏదియు పలుకదు.

ఇక ఆ ప్రాచీన వివాదము: యాగము నేడు ముగియును, స్వర్గము ఎన్నడో కలుగును. నశించిన క్రియ రానున్న ఫలమును ఎట్లు పుట్టించును? ఈ చిక్కును విడదీయుటకే మీమాంసకులు నడుమ అపూర్వమను కంటికి కానరాని శక్తిని అంగీకరించిరి. అది కర్తయందు పుట్టు యోగ్యతయని కుమారిలభట్టు సమర్థించెను. బాదరాయణుడు బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయమున మీమాంసాసూత్రకర్తయైన జైమిని పేరెత్తియే ఆ మతమును ప్రస్తావించి, ఫలము ఈశ్వరుని వలననే యని సిద్ధాంతీకరించెను. జడమైన అపూర్వము చేతనుని ప్రేరణ లేక ప్రవర్తింపజాలదని శంకరుల భాష్యము. వాయించినవాని వ్రేళ్లు మెట్లను విడిచిపోయినను అంకెల వరుస చెడక నిలుచుటలో మీమాంసకుని మాటయు, ఆ వరుస తనంత తాను మూగయై వాద్యము నెన్నుకొను నొకని కొరకు వేచియుండుటలో వేదాంతి మాటయు నిజమగుచున్నవని నేను తలచుచున్నాను. ఎన్నుకొనువాడును మనుష్యుడే గదా యనువచ్చును. పోలిక అంతదూరము సాగదు, సాగవలసిన పనియు లేదు.

ఇంతకంటె సూక్ష్మమైనది లూపు సంధియొద్ద జరుగును. మొదటి దెబ్బపై పడవలెనని తలచిన స్వరమును చేయి లిప్తకాలము ముందుగా నొక్కినచో, చాల సాఫ్ట్‌వేర్లలో అది రానున్న చుట్టు మొదట గాక, పోవుచున్న చుట్టు కొసను లిఖింపబడును. తరువాత ఆ ఖండమును తిన్నగా వినిపించినప్పుడు మొదటి స్థానము శూన్యముగా మిగులును. యంత్రము సంకల్పము నెరుగదు, క్రియాకాలము నొక్కటే ఎరుగును. మన తాళశాస్త్రము సమగ్రహముతోపాటు అతీతానాగత గ్రహములను గూడ అంగీకరించినది గనుక, తాళారంభముతో కలియని ఎత్తుగడ దోషమే కానక్కరలేదని మనకు తెలియును. కాని అది బుద్ధిపూర్వకమో, చేతి తొట్రుపాటో నిర్ణయించువాడు విద్వాంసుడు. ఆ నిర్ణయము లేకయే, క్వాంటైజ్ అను సౌకర్యము ప్రతి స్వరమును దగ్గరి కాలభాగమునకు లాగి సరిచేయును. అట్లు సరియైన స్వరము వాయించినవాని కర్మయేనా? వాని దోషముతోపాటు వాని కాలభావమును గూడ తీసివేసిన పిదప, అందులో వానిదని చెప్పదగినది స్వల్పమని నా యభిప్రాయము.

చేర్చుట వలదనుకొన్నవాడు క్రొత్త చుట్టు పాతదానిని చెరిపివేయునట్లును అమర్చుకొనవచ్చును. వెనుకటి చుట్టును ఒక్క మీటతో రద్దు చేయనువచ్చును. లోకములో చేసిన కర్మకు ఇట్టి సులభనివృత్తి లేదు గదా యని కొందరు ఈ సాదృశ్యమును నిరాకరింతురు. అయితే రద్దయినది ట్రాకులోని యంకెలు మాత్రమే. రద్దయిన చుట్టును విన్న చెవియు, దానిని వాయించిన చేయియు దానిని వదలుకొనలేదు. తరువాతి చుట్టులో ఆ చేయి వేరొక స్వరమును వెదకుటకును, తప్పిన చోటికి ముందు కొంత జంకుటకును కారణము ఆ వినబడని చుట్టే. శక్తి కర్తయందే నిలుచునన్న కుమారిలుని పక్షమునకు, అంకెలు నిలిచిన ట్రాకుకంటె, అంకెలు చెరిగిన ట్రాకు ఎదుట కూర్చుండి మరల వాయించుచున్న మనుష్యుడే నాకు బలమైన సాక్ష్యముగా తోచుచున్నాడు.