తలుపులు మూసి పాడించిన పద్యం

విశ్వవిద్యాలయంలో సంగీతం చదివే ఒకమ్మాయి తన ప్రాజెక్టుకి పద్యనాటకాన్ని ఎంచుకుంది. అందుకు ఎంచుకున్న తెనాలి, బాపట్ల ప్రాంతం మంచిదే. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభలో వేషాలు కట్టి, సత్యభామగా ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకున్నారు.

తెనాలిలో కృష్ణ వేషాలు కట్టే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లింది. చప్పుడు పడకూడదని తలుపులు మూయించి, ఫ్యాను ఆపించి, మనవళ్లని బయటికి పంపించింది.

"రాయబారం పద్యం పాడండి మాస్టారూ."

ఆయన చెమట తుడుచుకుంటూ పాడాడు. పద్యం అయిపోగానే రాగం కాస్త తీసి ఆపేశాడు.

"ఇంతేనాండీ?"

"ఇంతేనమ్మా."

ఆమె రాసుకుంది: మోహన రాగం, ఆలాపన స్వల్పం, సంప్రదాయం క్షీణించింది.

గైడు ఆ చివరి మాట దగ్గర పెన్సిలు ఆపి అడిగాడు. "ఎదురుగా ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరు సార్, జాగ్రత్తపడ్డాను."

"మరి ఆయన ఎవరికోసం పాడతాడమ్మా?"

రేపల్లె దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో అదే పెద్దాయన వేషం కడితే ఆమె వెళ్లి జనంలో కూర్చుంది. అర్ధరాత్రి దాటాక అదే పద్యం వచ్చింది. ఆఖరి పాదం అయ్యాక రాగం అందుకుంటే హార్మోనియం వెంటపడింది. వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. రెండోసారి మొదటిదానిలా పాడలేదాయన. పై షడ్జమం మీద నిలబడి, చప్పట్లు సద్దుమణిగేదాకా కిందికి దిగలేదు. వన్స్ మోర్లతో కథ ఆగిపోతుందని పండితులు విసుక్కుంటారు. ఆగితే ఆగనివ్వండి, జనం నిద్ర మానుకుని కూర్చున్నది ఆ రాగం కోసమే.

ఆ తర్వాత బాపట్లలో ఆమె పాడేవాళ్లని వదిలి వినేవాళ్లని పట్టుకుంది. ఏ పద్యానికి కేక వేస్తారు, దేనికి వెయ్యరు? రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన చెప్పిన జవాబు చుట్టూ ఆమె ఒక అధ్యాయమే రాసింది: "మాట మింగేసి రాగం తీసేవాడికి మేం వన్స్ మోర్ కొట్టమమ్మా."

నీతి: వినేవాళ్లని గదిలోంచి పంపేసినవాడు, పాట చిక్కిపోయిందని తీర్పు రాయకూడదు.

ఈ ఏడాది ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలకి ఇంకొక్క మాట. అనుమతి అడిగి రికార్డు చెయ్యండి, ఒక ప్రతి పాడినవాళ్లకి ఇవ్వండి. సంగీత పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1938–39లో దక్షిణాదిలో చేసిన రికార్డింగులను మరో పరిశోధకుడు నజీర్ జైరజ్‌భాయ్ 1984లో ఆ ప్రాంతాలకే తిరిగి పట్టుకెళ్లి వినిపించారు. మీరు అన్నాళ్లు ఆగనక్కర్లేదు, ఆ రాత్రే ఫోన్లో పంపెయ్యండి.