ఆటలో అరటిపండు

తెలుగునాట పిల్లల ఆటలలో ఒక చిత్రమైన స్థానము కలదు. దానికి 'ఆటలో అరటిపండు' అని పేరు. అన్నవెంటనో అక్కవెంటనో ఆడుకొనుటకు వచ్చిన పసివానిని పొమ్మనుటకు మనసొప్పదు. చేర్చుకొన్నచో ఆట సాగదు. అందుచేత పెద్దపిల్లలు వానిని అరటిపండుగా నిలుపుదురు. వాడు అందరితోపాటు పరుగెత్తును, కేకలు వేయును. పట్టుపడినను దొంగ కాడు, ఓడినను ఔటు కాడు. వాడు ఎవరిని అంటుకొన్నను అది లెక్కకు రాదు. తానును ఆడితినన్న సంబరముతో ఇంటికి పోవును. ఈ ఏర్పాటును ఏ శాస్త్రకారుడును విధింపలేదు, ఏ ఉపాధ్యాయుడును నేర్పలేదు. పిల్లలు తమంతట తాము కల్పించుకొన్న దయాధర్మమిది.

ఇది దయయే, అందు సందేహము లేదు. అయితే నాలుగేండ్ల పసివానికి చెల్లినది తొమ్మిదేండ్ల బాలునకు చెల్లునా యన్నది విచారింపదగిన విషయము. పాఠశాల ఆవరణలో సాయంకాలపు ఆటల వేళ కాసేపు నిలిచి చూచినవారికి ఇట్టి అరటిపండ్లు అనేకులు కనిపింతురు. బక్కపలుచని వాడు, మెల్లగా పరుగెత్తువాడు, వేరొక ఊరినుండి నడుమ వచ్చి చేరినవాడు, ఊరికి ఆవలి వాడనుండి వచ్చినవాడు, ఆటలో ఆశగల ఆడపిల్ల - వీరిని ఎవరును పొమ్మనరు. చెడుగుడు బరిలో ఒక మూలన నిలుపుదురు. క్రికెట్టులోనైనచో బంతి రాని చోటికి పంపుదురు. లేదా చెప్పులకును పుస్తకాల సంచులకును కాపలా యుంతురు. అప్పుడు 'అరటిపండు' అను మాట ఎవరి నోటను రాదు. స్థితి మాత్రము అదియే. ఆ సంగతి ఆ బిడ్డకు తెలిసినంతగా ఉపాధ్యాయునకు తెలియదు. జట్టు తనలోని బలహీనునకు ఇయ్యవలసినది దయయా, లెక్కలో చోటా? ఆటలవలన సహకారము, నాయకత్వము అలవడునని చెప్పువారందరును మొదట తేల్చుకొనవలసిన ధర్మసందేహమిది.

శరణధర్మము నెఱిగినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు దానమునకును దాసోహమునకును గల భేదమును ఆచరణలో చూపెను. దానమున ఇచ్చువాని చేయి పైనుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. ఇచ్చువాడు తాను పెద్దనని మరువడు. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. తనకు కలిగినది తనది కాదని తలచి సమర్పించును. బలహీనుని అరటిపండుగా చేర్చుకొనుట దానమువంటిది. దానివలన బలవంతునకు ఏ నష్టమును లేదు, బలహీనునకు ఏ గౌరవమును లేదు.

అనుభవమంటపమున మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లువాడు. పోనీ పాపమని వీరినెవ్వరును ఒక మూలన కూర్చుండబెట్టలేదు. వారి మాట లెక్కకు వచ్చినది. వారి వచనములు నేటికిని నిలిచియున్నవి. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను మిక్కిలి కఠినముగా ప్రశ్నించినట్లు శూన్యసంపాదనమున కలదు. ఆడుబిడ్డ, అలసి వచ్చినదని ఏ పరీక్షయు లేక లోనికి రానిచ్చియున్నచో అది దయయే యగును గాని, ఆమె మంటపమున అరటిపండుగానే మిగిలియుండెడిది. ప్రశ్నించుటయే ఆమెకు చేసిన గౌరవము.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున గొడగూచి యను చిన్నపిల్ల కథ చెప్పెను. పొరుగూరికి పోవుచు తండ్రి శివునకు పాలారగింపు పెట్టుమని అప్పగింపగా, ఆ పిల్ల దేవుడు నిజముగానే పాలు త్రాగునని నమ్మి గుడికి పోయినది. త్రాగకున్న ఏడ్చినది, తల పగులగొట్టుకొందునన్నది. శివుడు త్రాగెను. ఈ కథను చెప్పువారు ఆ పిల్ల అమాయకత్వమునే చెప్పి ఊరకుందురు. రెండవ సంగతియు కలదు. చిన్నపిల్ల చేష్టయని శివుడు నవ్వి ఊరకుండలేదు. పెద్దల నైవేద్యము వలెనే ఆమె గిన్నెలోని పాలును లెక్కకు వచ్చినవి.

ఇక ఆటస్థలమునకు వత్తము. పూర్వము పల్లెపిల్లలు జట్లు పంచుకొను విధము ఒకటి కలదు. నేటికిని కొన్నిచోట్ల కలదు. ముందు ఇద్దరు నాయకులు నిలుతురు. తక్కిన పిల్లలు బలమునను ఒడుపునను తమకు సరియైన వానిని వెదకుకొని జతపడుదురు. ఈ జతకే ఉద్ది యని పేరు. ఉద్దులిద్దరును ఒకరి భుజముపై నొకరు చేయి వేసికొని అల్లంత దూరము పోయి, గుసగుసలాడి, చెరియొక మారుపేరు పెట్టుకొని వత్తురు. ఒకడు వెండి, ఒకడు బంగారము. ఒకతె మల్లెపూవు, ఒకతె బంతిపూవు. నాయకుని యెదుట నిలిచి 'వెండి కావలెనా, బంగారము కావలెనా?' అని అడుగుదురు. నాయకుడు కోరిన పేరు ఎవరిదో వాడు ఆ వైపు పోవును, రెండవవాడు ఈ వైపు వచ్చును. తరువాతి జత వచ్చినపుడు కోరుకొను వంతు రెండవ నాయకునిది. బేసిగా ఒకడు మిగిలినచో వానిని రెండు జట్లకును ఆడనిచ్చుటయు కలదు.

ఈ పద్ధతిలోని నేర్పు సామాన్యమైనది కాదు. బలవంతునకు బలవంతుడే ఉద్ది, బలహీనునకు బలహీనుడే ఉద్ది. కావున రెండు వైపులను తూకము సరిపోవును. పేర్లు మరుగున నుండుటచే నాయకునకు మొగము చూచి ఎన్నుకొను వీలు లేదు. ఇంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. తన బలమెంతయో, తనకెవరు సరియో బిడ్డ తానే నిర్ణయించుకొనవలెను. గొప్పలు పోయినచో ఉద్ది దొరకడు. చివరకు ఎవ్వరికిని అక్కరలేక నిలువబడిపోయినవాడు ఉండడు.

ఇప్పుడు పాఠశాలలలో డ్రిల్లు పీరియడున సాధారణముగా జరుగునదేమి? ఉపాధ్యాయుడు ఇద్దరు నాయకులను పిలుచును. వారు తరచుగా తరగతిలో పొడవైనవారో, మొదటి మార్కు వచ్చినవారో, ఊరిలో పెద్దయింటి పిల్లలో అయియుందురు. వారు వంతులవారీగా పేర్లు పిలుతురు. మొదట పిలువబడినవాడు గంతులు వేయుచు పోవును. పిల్లల వరుస తరుగుచుండగా మిగిలినవారి చూపు నేలమీదికి దిగును. చివరకు ఇద్దరు మిగులుదురు. ఒక నాయకుడు 'వాడిని మీరే తీసికొనుడు' అనును. రెండవ నాయకుడు 'మాకు వద్దు, మీరే తీసికొనుడు' అనును. ఆట ఇంకను మొదలు కాలేదు. ఒక బిడ్డ అప్పుడే ఓడిపోయినాడు. విద్యాహక్కు చట్టము 2009వ సంవత్సరమున వచ్చినది. అది ప్రతి పాఠశాలకును ఆటస్థలము, ఆటవస్తువులు ఉండవలెనని నిర్దేశించినది. పిల్లలను కొట్టరాదనియు చెప్పినది. దెబ్బను చట్టము మాన్పగలదు గాని, ఈ 'మాకు వద్దు' అనుమాటను మాన్పలేదు. అది ఉపాధ్యాయుని చేతిలోని పని.

నాయకత్వమును గూర్చిన భ్రమయు ఇచ్చటనే పుట్టుచున్నది. మంచివారిని ఏరుకొనుట నాయకత్వమని బాలుడు నేర్చుకొనును. ఏరుకొనుటకు సంతలో బేరగాని నేర్పు చాలును. ఉద్దుల పద్ధతిలో నాయకునకు వచ్చినవాడే జట్టువాడు. వెండి వచ్చునో బంగారము వచ్చునో తెలియదు. ఎవరు వచ్చినను వానిని ఎచ్చట నిలుపవలెను, వానిచేత ఏమి చేయింపవలెను అన్న విచారము అప్పుడు మొదలగును. కల్యాణమునకు వచ్చిన శరణులను బసవేశ్వరుడు కులము చూచి, చదువు చూచి ఏరుకొనలేదు. మంత్రిపదవియందున్న వాడైనను మంటపమున శూన్యసింహాసనము తాను ఎక్కక అల్లమప్రభువునకు విడిచెను.

ఖోఖో ఆటలో ఈ ధర్మము నియమముగానే కనిపించును. ఎనమండుగురు వరుసగా గళ్లలో కూర్చుందురు. పక్కపక్కవారి మొగములు ఎదురెదురు దిక్కులకుండును. తొమ్మిదవవాడు తరుమును. వాడు రెండు కంబముల నడుమ మధ్యగీతను దాటరాదు. ఒక దిక్కు పట్టిన పిదప వెనుకకు మరలరాదు. ఎంత వేగముగలవాడైనను గీతకు ఆవలికి పోయిన శత్రువును తాను పట్టలేడు. కూర్చున్నవాని వీపు తట్టి 'ఖో' అని, తన పరుగును వానికి అప్పగించి, వాని చోట తాను కూర్చుండవలెను. కూర్చున్నవాడు పిలుపు రాకుండ లేవరాదు. పరుగెత్తుట ఎంత పనియో, సమయమునకు పరుగు విడిచి కూర్చుండుటయు అంత పనియే.

గర్వముగల పిల్లడు ఏమి చేయును? మూడవ గడిలో కూర్చున్న మందగొడికి ఖో ఇచ్చుట దండుగ యని తలచి, వానిని దాటి పోయి, ఐదవవానికి ఇచ్చును. రెండు మూడు మారులు ఇట్లు జరుగగనే ఎదుటిపక్షపు పిల్లలు కనిపెట్టుదురు. ఆ గడి చచ్చిన గడి యని గ్రహించి దానిచుట్టునే తిరుగుచు ఊపిరి పీల్చుకొందురు. లెక్కలోనుండి తీసివేసిన బిడ్డ ఉన్నచోటు శత్రువునకు ఆశ్రయమైనది. ఓడిన పిదప నింద మాత్రము ఆ మూడవ గడివానికే వచ్చును! 2025 జనవరిలో ఢిల్లీ నగరమున ఈ ఆటకు మొదటి ప్రపంచ కప్పు పోటీలు జరుగగా, భారతదేశపు పురుషుల జట్టును మహిళల జట్టును రెండును గెలుపొందినవి. ఆడపిల్లలను సంచుల కాపలాకు నిలుపు పాఠశాలలవారు ఈ వార్తను గోడపత్రికపై వ్రాసి ఊరకుండక, ఒకమారు తమ ఆటస్థలమును చూచుకొనుట మేలు.

చెడుగుడు ఆటలోని నియమమొకటి మరింత లోతైనది. ఔటయినవాడు బరి వెలుపల కూర్చుండును. తన బలముచేత వాడు మరల లోనికి రాలేడు. తన జట్టువారు ఎదుటివారిలో ఒకనిని ఔటు చేసినపుడే వానికి పునఃప్రవేశము. ముందు ఔటయినవాడు ముందు వచ్చును. వాడు బలవంతుడా బలహీనుడా యన్న విచారణ లేదు. మంచి ఆటగాడు ఐదవవాడుగా వెలుపల నున్నను తన వంతు వచ్చువరకు ఆగవలసినదే. ఇచ్చట ఎవరి మెప్పుదలయు లేదు, ఎవరి కనికరమును లేదు.

ఇందుకు ఎదురుమాట లేకపోలేదు. గెలువవలెనన్నచో గట్టివారినే దింపవలెను గదా యని కొందరందురు. మండలము, జిల్లా పోటీలకు పాఠశాల జట్టును పంపునపుడు అది న్యాయమే; అది ఏడాదికి కొన్నినాళ్ల ముచ్చట. రోజూ ఆడు ఆట అందుకొరకు కాదు. బలహీనునకు నిజముగా దెబ్బ తగులునేమో యన్నది రెండవ మాట. అది తోసివేయదగినది కాదు. కాలు సరిగా లేని బిడ్డను చెడుగుడు పట్టులోనికి త్రోయుట సమత్వము కాదు, మూర్ఖత. అట్టిచోట ఆటనే కొంత మార్చవలెను. అందరును ఒంటికాలిపై కుంటుచు తరుము ఆట ఆడినచో వేగము అందరికిని తగ్గును. ఆ బిడ్డ లెక్క వ్రాయుదునని తానై కోరినచో అది వాని కాయకము, గౌరవింపదగినది. వానికి ఏమియు రాదని తలచి లెక్కల పుస్తకము చేతిలో పెట్టినచో అది వెలివేతయే. పని ఒక్కటియే, కోరుటకును అంటగట్టుటకును నడుమ ఎంత దూరమో!

లింగధారణ చేసిన యిండ్లవారు ఈ విషయమున తమకు దోషము లేదనుకొనుటకు వీలు లేదు. జాతిసూతకము లేదని చెప్పు మతము మనది. అయినను బిడ్డ దుమ్ముకొట్టుకొని ఇంటికి రాగానే 'ఎవరితో ఆడి వచ్చితివి?' అని పెద్దలు అడుగు కంఠస్వరము ఒకటి కలదు. ఆ స్వరమును పిల్లలు చప్పున గ్రహింతురు. ఉద్ది కావలెనన్న భుజముపై చేయి వేయవలెను. మరునాడు ఆ చేయి వేయుటకు బిడ్డ జంకును.

మఠముల వసతిగృహములలో పంక్తిభోజనమునకు పిల్లలు కూర్చుండు తీరు ఇచ్చట స్మరింపదగినది. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు 2019లో లింగైక్యము చెందువరకు వేలాది పేదపిల్లలకు, కులమతములు అడుగక, అన్నము పెట్టి చదువు చెప్పించిరి. ఆ వరుసలో చివరి బిడ్డ ముందునకు వచ్చినదియు మొదటి బిడ్డ ముందునకు వచ్చినదియు ఒకే ప్రసాదము. 'వీనికి ఉత్త కంచము చాలు, పెట్టినట్లు నటింతము' అని వడ్డించువాడు అనడు. అదే పిల్లలు సాయంకాలము బరిలోనికి దిగినపుడు వరుస మారుట ఎందులకు?

అరటిపండు వయసు దాటిన బిడ్డను నిజముగా ఆటలో చేర్చుకొన్న దినమున మొదట జరుగునదేమనగా, వాడు త్వరగా ఔటగును. పళ్లు కొరుకును. కంట నీరు పెట్టును. 'నా కాలు గీత దాటలేదు!' అని అరచును. ఎదుటిపక్షమువారు దాటినదందురు. అప్పుడు వాని జట్టులోని పెద్దపిల్లలు నలుగురు గీత దగ్గర మోకాళ్లపై వంగి, దుమ్ములో వాని పాదము గురుతు వెదకుచు, వాని పక్షమున గట్టిగా వాదింతురు.