తూము తాళంచెవులు

ఒక ఊరి చెరువు తూముకు రెండు తాళాలు. ఒక చెవి పై మడుల రైతుల దగ్గర, రెండోది చివరి మడుల రైతుల దగ్గర. ఇద్దరూ వస్తేనే తూము లేచేది. రోజూ కీచులాటే. నీళ్లకంటే మాటలే ఎక్కువ పారుతున్నాయని నీరుగంటి విసుక్కునేవాడు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. "పొరుగూరివాళ్లు గట్టుకు గండి కొట్టేలా ఉన్నారు. రెండు చెవులూ నాకివ్వండి, వానలు పడేదాకా కాపు కాస్తాను" అన్నాడు పెద్దకాపు. రోజువారీ కీచులాట తప్పితే అదే పదివేలనుకుని ఇచ్చేశారు.

వానలు పడ్డాయి. చెవులు మాత్రం తిరిగి రాలేదు. "పొరుగూరివాళ్లు ఇంకా ఉన్నారుగా?" అన్నాడు. నిజమే మరి, పొరుగూరు ఎక్కడికి పోతుంది! అడిగిన నీరుగంటికి పని పోయింది. చివరి మడులు ఎండాయి. తమ పొలం తడుస్తోంది కదా అని పై మడులవాళ్లు నోరు మెదపలేదు. మరుసటి ఏడు వాళ్ల వంతూ వచ్చింది.

అప్పుడు అందరూ కలిసి చెవులు లాక్కున్నారు. "ఈసారి మంచివాణ్ణి చూసి ఇద్దాం" అన్నారు కుర్రాళ్లు. "మంచివాడైనా రెండూ ఒక్క మొలతాడుకే కదరా కట్టుకునేది!" అంది ఓ ముసలమ్మ. తూము రాతి మీద చెక్కించారు: ఎంత కరువొచ్చినా ఊరంతా చేతులెత్తితేనే చెవి ఇవ్వాలి, నెల తిరిగేసరికి మళ్లీ అడగాలి.

నీతి: భయపడ్డ రోజున ఇచ్చిన అధికారానికి గడువు రాసుకోవాలి. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి అత్యయిక స్థితిపై సంతకం చేశారు. కేంద్ర మంత్రివర్గానికి ఆ సంగతి తెలిసింది మర్నాటి ఉదయం. చూపిన కారణం "అంతర్గత కల్లోలం". 1976లో 42వ సవరణతో లోక్‌సభ గడువును ఆరేళ్లకు పెంచారు. 1977 మార్చిలో ఓటర్లు ఆ ప్రభుత్వాన్ని దించారు. మనం ఆ ఓటునే గొప్పగా చెప్పుకుంటాం గానీ, నా లెక్కలో 1978లో చేసిన 44వ సవరణ అంతకంటే పెద్ద పని. "అంతర్గత కల్లోలం" పోయి "సాయుధ తిరుగుబాటు" వచ్చింది. మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్పనిదే ప్రకటన కుదరదు. నెలలోగా పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఒప్పుకోవాలి. ఆ ప్రకటనను ఎత్తేయాలని లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాల్సిందే. అలా అడిగే ఆ పదో వంతు మందిని సభకు పంపడం మాత్రం మన పని. ఓటేసే ముందు ఆ లెక్క కూడా చూసుకోండి.